చాపల హోటల్

ఆర్మూర్ అంటే పసుపు. బస్సుల పోయేటోళ్లకు సిద్ధులగుట్ట కనబడ్తది, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న నల్లబండలు కనబడ్తయి. మాకు మాత్రం పసుపే. మిర్గం పడంగనే కొమ్ము నాటుతరు. సంక్రాంతి దాటినంక తవ్వుతరు. తవ్విన దుంపను ఇరువాలె, మన్ను దులుపాలె, కడాయిలల్ల ఉడుకబెట్టాలె, కల్లాలల్ల పది పదిహేను రోజులు ఎండబెట్టాలె. ఎండినంక డ్రమ్ముల ఏసి తిప్పితే పైపొట్టు రాలిపోయి కొమ్ము మెరుస్తది. ఆ దుమ్ము ముక్కులకు పోతది, గొంతులకు పోతది, బీడీ తాగనోడు కూడ బీడీ తాగినట్టు దగ్గుతడు. తొమ్మిది నెలల పంట. భూమి పటేండ్లది, పని మాది.

మా అవ్వ కొమ్ములు ఇరిసేటందుకు పొయ్యేది. పసుపు పని లేని రోజులల్ల బీడీలు చేసేది. మా బాపు ఆర్మూర్ల ఒక అడ్తి దుకాణంల హమాలి. ఆయన మోసిన బస్తాలు నిజామాబాద్ గంజికి పోయేవి, కొన్ని లారీలు మహారాష్ట్రల సాంగ్లీ దాక పోయేవి. ఎండకాలం మొత్తం ఇద్దరి చేతులు పచ్చగనే ఉండేవి. ఎంత తోమినా గోరు సందుల పచ్చదనం పోయేది కాదు. దేవునికి పెట్టే పసుపు, గడపకు రాసే పసుపు, పెండ్లిపిల్ల కాళ్లకు పూసే పసుపు మాదిగోళ్ల చేతులనుంచి పోయింది, మాదిగోళ్ల వీపు మీదికెళ్లి పోయింది. పసుపుకు మైల అంటలేదు. గిలాసకు అంటింది. ఈ లెక్క ఏ శాస్త్రంల ఉన్నదో నాకు ఇప్పటికీ ఎవలూ చెప్పలే.

చాప విషయంల మా ఊరికి ఇంకో లెక్క ఉండె. చెరువుల చాపలు పట్టే హక్కు గంగపుత్రులది, ముదిరాజులది. అది వాళ్ల కష్టం, వాళ్లను నేను ఏమీ అనను. వాళ్ల వలల పడ్డ కొర్రమట్ట కూడ వాళ్ల పొయ్యి మీదికి పోయేది కాదు, ముందుగాల పటేల్ ఇంటికి పోయేది. తర్వాత రవ్వలు, బొచ్చెలు అమ్ముకునేది. నీళ్లు అడుగంటి, వలలు గుంజుకున్నంక ఊరందర్ని చెరువులకు ఇడిసేది. దాన్ని చెరువు లూటీ అనేటోళ్లు. లూటీలకు కూడ మేము ఆఖరుకే దిగాలె. అప్పటికి చెరువు చెరువు లెక్క ఉండదు, బురదగుంట లెక్క ఉంటది. ఆ బురదల మోకాళ్లదాక దిగి తట్టలతోని, పాత చీరెలతోని పర్కలు, జెల్లలు దేవుకొచ్చేది. అవ్వ వాటిని బూడిదేసి రుద్ది, మట్టికంచుట్ల చింతపులుసు పోసి వండేది. జొన్న గటుకల ఆ పులుసు పోసుకుంటే, నిజం చెప్తున్న, పటేల్ తిన్న కొర్రమట్ట మీద నాకు ఈర్ష్య పుట్టలే.

లూటీ ఏడాదికి ఒక్కసారే. మిగతా దినాలు అంగడిల దొరికే ఎండు చాపలు, అవి లేకుంటే కారం. పెద్దకూర దొరికితే పండుగ. తునకలు చేసి దండేనికి ఎండేసుకుంటే నెల గడిచేది. బడిల ఎవలన్న "పొద్దుగాల ఏం తిన్నవురా?" అని అడిగితే మాత్రం "చాపలు" అని చెప్పేటోళ్లం. ఎందుకంటే చాప తిన్నోడు నీసు తిన్నోడు, అంతే. కోడి తిన్నోడు, యాట తిన్నోడు, చాప తిన్నోడు ఒక దిక్కు. పెద్దకూర తిన్నోడు ఇంకో దిక్కు. ఆ గీత కంచంల గీసిండ్రు, ఊర్ల గీసిండ్రు. అంబేద్కర్ 1948ల రాసిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంల ఇదే చెప్పిండు. ఆవుమాంసం తినుడు ఇడువని ఓడిపోయిన మనుషులనే అంటరానోళ్లను చేసిండ్రని ఆయన వాదన. నేను ఆ పుస్తకం చదివింది డిగ్రీల. చదివినప్పుడు మా దండెం యాదికొచ్చింది.

ఇగ హోటల్ ముచ్చట. ఆర్మూర్ల అప్పట్ల ఒక చాపల హోటల్ ఉండె. బోర్డు లేదు, రేకుల షెడ్డు. పోచంపాడు నుంచి సైకిళ్ల మీద, తడి గోనెసంచులల్ల చాపలు వచ్చేవి. పోచంపాడు ప్రాజెక్టుకు 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి ఏసిండు. తర్వాత శ్రీరాంసాగర్ అని పేరు మారింది గాని మా నోట్లె అది పోచంపాడే. ఆ కట్టకు మట్టి మోసినోళ్లల్ల మా పెద్దబాపు ఒకడు. నీళ్లు నిలిచినంక గోదావరి చాప మా దిక్కు బాగ దొరికింది. హైదరాబాదు–నాగపూర్ రోడ్డు ఆర్మూర్ మీదికెళ్లే పోతది గనుక లారీలోళ్లు దిగి తినేటోళ్లు. ఆ హోటల్ ఓనర్‌ది ఏ కులమో నేను చెప్పను. అది ఒక్క కులం సంగతి కాదు.

పసుపు సీజన్ అయిపోయి లెక్క తేలిన రోజు బాపు నన్ను ఆడికి తీస్కపోయేటోడు. సాలుకు ఒక్కసారి. నేను మొదలు పోయింది 1978ల. మేము ముందటికెళ్లి పోలే. షెడ్డు ఎనుక ఏపచెట్టు కింద కూసున్నం. ముందర బల్లల మీద స్టీలు పళ్లాలు, మాకు మోదుగాకు ఇస్తరి. నీళ్లు పైకెళ్లి పోస్తే దోసిలి పట్టి తాగాలె. చాయ తాగాలంటే గోడ గూట్లె రెండు సత్తు గిలాసలు ఉండేవి. తాగినంక మనమే కడిగి బోర్లేసి రావాలె. బాపుకు అదంతా ఎవలూ చెప్పనక్కర్లేదు, కాళ్లే ఆ దిక్కు పోయినయి.

ఓనర్ మంచోడే. ఇది కావాలని చెప్తున్న, చాలమంది ఈ పద్ధతిని దుర్మార్గులు నడిపిండ్రనుకుంటరు. ఆయన బాపును "ఏమే, ఈసారి బస్తాలు గట్టిగ మోసినవా?" అని నవ్వుకుంట పలకరించేది. ముక్కలు పెద్దయి ఏసేది. నాకు తలకాయ ముక్క ఊకెనే ఇచ్చిండు. పులుసు అడిగినన్ని సార్లు పోసిండు, కాకపోతే గరిటె ఇస్తరికి తాకకుండ జానెడు పైనుంచి పోసిండు. ముక్క పెద్దది, జాగ చిన్నది. అంటరానితనం నేరమని చట్టం వచ్చింది 1955ల. హోటల్ల అడుగు పెట్టనియ్యకపోయినా, ఆడి గిన్నెలు వాడనియ్యకపోయినా శిక్ష అని దాంట్ల రాసి ఉన్నది. 1976ల దానికి సవరణ చేసి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చిండ్రు. రాజ్యాంగంల 15వ అధికరణం హోటల్ పేరు ఎత్తి మరీ చెప్పింది. నేను ఏపచెట్టు కింద కూసున్నప్పటికి చట్టానికి 23 ఏండ్లు, నాకు 9 ఏండ్లు. చట్టం నాకంటె పెద్దది, కానీ ఆ రోజు షెడ్డు ముందట అది కనబడలే.

1985 జులై 17న కారంచేడుల మాదిగలను చంపిండ్రు. ఆ వార్త మా నిజామాబాద్ హాస్టల్‌కు వచ్చినప్పుడు మేము మూడు దినాలు సరిగ్గ బువ్వ తినలే. నీళ్ల దగ్గర మొదలైన గొడవ అది. చెరువుల గేదెను కడుగుడు, కుడితి నీళ్లు, ఒక ఆడమనిషి బిందె లేపుడు. మాటిమాటికి అదే చదువుకున్నం. మన దగ్గర ఏమున్నదని ఎవలో అడిగిండ్రు. నాకు గూట్లె గిలాసలు యాదికొచ్చినయి.

1986 ఎండకాలం సెలవులల్ల ఏడుగురం పోయినం. మాల పిలగాండ్లు ముగ్గురు, మాదిగోళ్లం నలుగురం. నినాదాలు లేవు, జెండా లేదు. ముందటికెళ్లి పోయి రెండు బల్లల కాడ కూసున్నం. ఓనర్ నన్ను గుర్తువట్టిండు.

"నువ్వు హమాలి కొడుకువు గదరా? ఎనుకకు పోండ్రి, పంపిస్త."

"ఈడనే తింటం పటేలా. పైసలు ఉన్నయి."

"చాపలు అయిపోయినయిరా."

పొయ్యి మీద గంజు ఉడుకుతున్నది. పులుసు వాసన షెడ్డంత నిండి ఉన్నది. అయిపోయిన చాపల వాసన అంత బాగుంటదని నాకు అప్పుడే తెల్సింది. మేము లేవలే. పక్క బల్ల కాడ ఒక అడ్తి గుమాస్తా సగం తిన్న పళ్లెం ముంగటనే చెయ్యి కడుక్కొని లేచి పోయిండు. ఇంకో ఇద్దరు లోపటికి రాబోయి మమ్ముల చూసి తిరిగి పోయిండ్రు. ఓనర్ నా దగ్గరికి వచ్చి మెల్లగ అన్నడు.

"మీ బాపు నాకు దోస్తురా. ఇన్నేండ్లల్ల ఆయన ఎన్నడన్న ఇట్ల అడిగిండా?"

"బాపు అడుగలే. నేను అడుగుతున్న."

గంట దాటింది. ఆకలి కంటె ఎక్కువ భయమైంది, ఏడుగురిలో ఇద్దరికి కాళ్లు వణుకుతున్నయి. మూలకు ఒక పంజాబీ లారీ డ్రైవర్ తింటున్నడు. ఆయనకు మా తెలుగు సమజైందో లేదో నాకు తెల్వదు. "దే దో భాయ్, బచ్చే భూకే హై" అని ఒక్కసారి అన్నడు. ఓనర్ ఇనలే. ఆయన లేచొచ్చి తన పళ్లెంల రెండు రొట్టెలు, ఒక చాప ముక్క తెచ్చి మా బల్ల మీద పెట్టి పోయి మళ్ల కూసున్నడు. ఓనర్ స్టీలు పళ్లెం మా ముంగట ఉన్నది. ఇగ ముట్టుకున్నంక ముట్టుకున్నట్టే. ఆయన కాసేపు నిలబడి లోపటికి పోయి ఏడు పళ్లాలు తెచ్చి బల్ల మీద దబదబ ఏసిండు. అన్నం పెట్టిండు, పులుసు పోసిండు. ఈసారి గరిటె పళ్లానికి తాకింది. ఆ సప్పుడు ఇన్న మాకు ఏడుగురికి నోట మాట రాలే.

గెలిచినమని రాస్తే బాగుంటది. మూడు దినాలకు అడ్తి దుకాణంల బాపుతోని "నీ కొడుకు పెద్దోడైండు గద, ఇంక నువ్వు బస్తాలు మోసుడెందుకే" అన్నరు. అంతే. కొట్టలే, తిట్టలే. మరునాటి నుంచి పిలువలే. ఒక్క దుకాణం కాదు, ఆ సాలు గంజిల ఎవలూ పిలువలే. బాపు రాళ్లు కొట్టేటందుకు పోయిండు. అవ్వ బీడీల చాట ముంగటేసుకొని దినమంత నన్ను తిట్టింది. "ముక్క కోసం ఇంటిల్లిపాది ముద్ద పోగొట్టినవు గదరా" అని. ఆమె బాధ ఆమెది, రాత్రి దీపం కింద వెయ్యి బీడీలు చుట్టవలసింది ఆమెనే. బాపు మాత్రం ఆ ముచ్చటే ఎత్తలే. పది దినాలైనంక బయట మంచం మీద పండుకొని, అటు తిరిగే అడిగిండు.

"లోపట కూసుంటె ఎట్లుండెరా?"

"ఫ్యాను ఉన్నది బాపు."

"కూర?"

"ఉప్పు తక్కువుండె."

ఆయన మస్తుగ నవ్విండు. దగ్గొచ్చేదాక నవ్విండు.

ఆ హోటల్ల తర్వాత ఏమైందంటె, స్టీలు పళ్లాలు తీసేసి అందరికీ ఇస్తరాకులే పెట్టిండ్రు. మాతోని సమానం చేసిండ్రనుకోవాలె. ఇంకొన్నేండ్లకు కాగితం పళ్లాలు, ప్లాస్టిక్ గిలాసలు వచ్చినయి. ఊర్లల్ల చాయ దుకాణాలల్ల కూడ అదే జరిగింది. రెండు గిలాసల పద్ధతి పోయిందని మీటింగులల్ల చెప్తరు. పోయింది మనిషి మనసుల నుంచి కాదు, తాగి పారేసే గిలాస వచ్చింది గనుక పోయింది. ఎవలు తాగిన గిలాస ఎవలు కడుగాలె అన్న సవాలుకు జవాబు ఇయ్యకుండనే తప్పించుకున్నరు. పెండ్లిళ్లల్ల స్టీలు గిలాసలు బయటికి తీసిన రోజు మా వాడ దిక్కు ప్లాస్టిక్‌యే వస్తయి, చూడుండ్రి.

మా పెద్దబిడ్డ కంప్యూటర్ కొలువు చేస్తది. 2019ల కంపెనీ పని మీద జపాన్ పోయి కొన్ని నెలలు టోక్యోల ఉన్నది. ఒక ఆదివారం రైలెక్కి షిమోదా అనే సముద్రపు ఒడ్డు చిన్న పట్నానికి పోయి, ఆడ పాతకాలం చాపల హోటల్ల తిని నాకు ఫోన్ చేసింది. బంగారు కండ్ల చాప అని ఒకటి ఉంటదట, వాళ్ల భాషల కిన్‌మెదాయ్. ఎర్రగ ఉంటదట. సోయా పులుసుల తియ్యతియ్యగ ఉడికిచ్చి తలకాయతోని సహా పెడ్తరట. పచ్చి చాపను కూడ పల్చగ కోసి పెట్టిండ్రని చెప్తె అవ్వ ఫోన్ కాడ కూసొని "థూ" అన్నది. కిందనే చాపల మీద కూసొని చిన్న బల్ల మీద తిన్నదట.

"చెప్పులు బయట ఇడువమన్నరు బాపు" అన్నది.

నాకు గుండెల ఏదో కలుక్కుమన్నది. పటేండ్ల వాకిట్ల చెప్పులు చేతుల పట్టుకొని నడిచిన జాతి మాది, ఆ చెప్పులు కుట్టింది కూడ మేమే.

"అందరినా, నిన్ను ఒక్కదాన్నేనా?"

"అందరు ఇడుస్తరు బాపు. ఓనర్ కూడ ఇడిసిండు."

"ఏ ఊరని అడిగిండ్రా?"

"ఇండియానా అన్నరు. అంతే."

బిడ్డ సంబురపడ్డది, నేనూ పడ్డ. కానీ నాకు జపాన్ ముచ్చట కొంచెం ముందే తెలుసు. ఆ దేశంల 675ల తెన్ము అనే చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినొద్దని ఆజ్ఞ తీసిండు. చాప మీద ఆజ్ఞ లేదు. చాప గౌరవమైన తిండి అయింది. సచ్చిన పశువును మోసి, తోలు తీసి, కవచాలకు, జీనులకు తోలు తయారు చేసినోళ్లు మాత్రం అంటరానోళ్లయిండ్రు. వాళ్లను 'ఎటా' అన్నరు, మైల నిండినోళ్లని అర్థం. ఊరి బయట వాడ, వేరే లెక్క, వేరే పెండ్లిళ్లు. మనువు పేరు ఇనని దేశంల కూడ మాదిగవాడ ఉన్నది, చూడుండ్రి. 1871ల సర్కారు ఆ పేరు రద్దు చేసింది. మరుసటి ఏడు 1872ల మెయిజీ చక్రవర్తి తానే ఆవుమాంసం తిన్నడు, తిన్నడని దేశమంత చాటిండ్రు. రాజు తింటె నాగరికత అయింది. తోలు తీసినోడు ఆడనే ఉన్నడు. అందుకే వాళ్లు 1922 మార్చి 3న క్యోటోల కూడి సుయ్‌హెయ్‌షా అనే సంఘం పెట్టుకున్నరు. నల్లటి జెండా, దాని మీద ఎర్రటి ముండ్లకిరీటం. మన దగ్గర మహాడ్ చెరువు నీళ్లు ముట్టింది 1927ల.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకోటి. 1975ల ఆ దేశంల ఒక దొంగ పుస్తకం బయటపడ్డది. అంటరాని వాడల పేర్లు, అడ్రసులు వరుసగ రాసిన పుస్తకం. పెద్దపెద్ద కంపెనీలు దాన్ని కొనుక్కొని, కొలువుకు వచ్చిన పిలగాడు ఏ వాడోడో చూసుకున్నయి. మనిషి ముఖంల తేడా లేదు, భాషల తేడా లేదు, రంగుల తేడా లేదు. ఊరి పేరు ఒక్కటే ఆధారం. నా బిడ్డను షిమోదల ఎవలూ ఊరు అడుగలే. అదే బల్ల కాడ కూసున్న వాళ్ల సొంత బిడ్డల ఊరి పేరు ఎవలో ఎన్నడో పుస్తకంల ఎతుకుతనే ఉండిండ్రు. మన దగ్గర పుస్తకం అక్కరలేదు. "ఏ ఊరు?", "ఎవలోళ్లు?", "ఇల్లు ఏ దిక్కు?" ఈ మూడు ప్రశ్నలు చాలు. మూడోది అడిగే వరకు గిలాస ఏదో తేలిపోతది.

మా జిల్లాల గ్రామాభివృద్ధి కమిటీలని ఉన్నయి. ఏ చట్టంల లేవు. కానీ కల్లు దుకాణం, చాపల చెరువు, కోడికూర దుకాణం ఏది ఎవలకో వేలం వాళ్లే పెడ్తరు, జరిమానాలు వాళ్లే ఏస్తరు. మాట ఇననోళ్లను కులం కులాన్నే ఎలేస్తరు. కిరాణంల ఉప్పు ఇయ్యొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు, మాట్లాడినోనికి జరిమానా. 1986ల బాపుకు జరిగింది ఒక గంజిల గుసగుస. ఇప్పుడు అది మైకుల చాటింపు. మా బామ్మర్ది గల్ఫ్‌ల క్యాంపుల పదేండ్లు ఉన్నడు. ఒకే తాంబాళంల రెడ్డి పిలగాడు, పాకిస్తానోడు, ఈయన కలిసి చాప అన్నం తిన్నరట. ఇద్దరూ ఒకే విమానంల దిగి ఊరికొచ్చిండ్రు. రెడ్డి పిలగాడు కమిటీల మెంబర్ అయిండు.

2016 నుంచి సర్కారు చెరువులల్ల ఉచితంగ చాపపిల్లలు పోసింది. ఆ చాప మీద ముదిరాజులకు, గంగపుత్రులకు హక్కు ఉండాలె, నేను కాదనను. కట్ట కింద బురదల నిలబడ్డోళ్లకు ఏం వాటా అని మాత్రం అడుగుత. పసుపు కూడ అంతే. 2019 ఎన్నికలల్ల నిజామాబాద్ సీటుకు 185 మంది నిలబడ్డరు, అందుల 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. దేశమంత మా దిక్కు చూసింది. 2025 జనవరి 14న నిజామాబాద్‌ల పసుపు బోర్డు మొదలైంది. మంచిదే. ధర రావాలె, రైతు బతకాలె. అవ్వ ఆ వార్త టీవీల చూసి "కొమ్ములు ఇరిసేటోళ్లకు కూలి ఎంత రాసిండ్రట?" అని అడిగింది. నేను మల్ల వార్తలు ముందటి నుంచి పెట్టి చూసిన. కూలి మాట లేదు.

పోయిన మిర్గం నాడు అవ్వను పోచంపాడు తీస్కపోయిన. మిర్గం నాడు చాప తినాలెనని మా దిక్కు పట్టింపు, కులం లేని పట్టింపులల్ల అది ఒకటి. బాపు లేడు. రోడ్డు పొంటి చాపలు వేయించే బండ్లు వరుసగ ఉన్నయి, కారం, పసుపు పట్టిచ్చిన రవ్వ ముక్కలు నూనెల సుయ్‌మంటున్నయి. అవ్వ కుర్చీల కూసోలే. బండి ఎనుకకు పోయి చెట్టు నీడకు నిలబడ్డది. నేను పిలిస్తె "ఈడ సల్లగ ఉన్నది" అన్నది. బండి పిలగాడు ఇరవై ఏండ్లోడు, స్టీలు పళ్లెంల ముక్కలు పెట్టి ఆమె దగ్గరికే తీస్కపోయిండు.

"అవ్వా, ఏ ఊరు మీది?"

ఆమె ఊరి పేరు చెప్పలే. పచ్చగ నిగనిగలాడే ముక్కను తిప్పి చూసుకుంట "ఈ పసుపు ఏ ఊరిది బిడ్డా?" అని అడిగింది.

"తెల్వదు అవ్వా. ప్యాకెట్ పసుపు."

ముల్లు తీసి ఒక ముక్క నోట్లె ఏసుకున్నది. నాకు ఇంకో పళ్లెం చెప్పమన్నది.